వర్చువల్ మెషీన్లకు నెట్‌వర్క్ స్టోరేజీని రెండు దారుల్లో కలపడం: ఐస్కజీ మల్టీపాత్ అంచెలంచెలుగా

"రెండు కేబుళ్లు పెట్టాను, రెండు స్విచ్‌లు పెట్టాను. పరీక్షకని ఒక కేబుల్ పీకితే వీఎంలన్నీ (వర్చువల్ మెషీన్లు) రెండు నిమిషాలు బిగుసుకుపోయాయి. ఎక్కడ తప్పు?" ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. తప్పు సాధారణంగా కేబుల్‌లో ఉండదు, గడువుల్లో ఉంటుంది. దాన్ని 8వ అంచెలో విడదీసి చూద్దాం. అక్కడికి చేరేలోపు వేసుకోవాల్సిన పునాది కొంత ఉంది.

ఇక్కడ చెప్పేది లినక్స్ కేవీఎం హోస్టు (లినక్స్‌లోని కేవీఎంతో వీఎంలను నడిపే సర్వర్), ఐస్కజీ స్టోరేజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కును అందించే పద్ధతి) గురించి. ఒకే డిస్కుకు ఉన్న పలు దారులను కలిపి, ఒకటి పోతే ఇంకోదాంతో నడిపేదే మల్టీపాత్. వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వాళ్లకు తేడా వచ్చే చోట్లు చివర్లో ఉన్నాయి. కమాండ్లు, సెట్టింగ్‌ల పేర్లు పలికే తీరులో రాశాను. సెట్టింగ్‌ల అసలు స్పెల్లింగ్‌లో పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది, టైప్ చేసేటప్పుడు మాన్యువల్ పేజీతో సరిచూసుకోండి.

## 1. మల్టీపాత్ ఎవరు చూసుకోవాలో ముందు తేల్చుకోండి

రెండు పద్ధతులున్నాయి. మొదటిది: హోస్టే స్టోరేజీకి లాగిన్ అయి, దారులన్నిటినీ ఒక్క డిస్కుగా కలిపి, ఆ ఒక్క డిస్కునే వీఎంకు ఇవ్వడం. రెండోది: వీఎంకు రెండు వర్చువల్ నెట్‌వర్క్ కార్డులిచ్చి, లోపలి గెస్టునే (వీఎంలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను) ఐస్కజీ లాగిన్ చేసుకోమనడం.

మొదటిదే ఎంచుకోండి. గెస్టులో క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌కో, స్టోరేజీ వైపు స్నాప్‌షాట్ తీసే సాధనానికో నేరుగా లన్ (స్టోరేజీ పెట్టె అందించే డిస్కు) కావలసివస్తే తప్ప రెండోదాని జోలికి పోవద్దు. ఒకవేళ పోతే, ఆ రెండు వర్చువల్ కార్డులు రెండు వేర్వేరు భౌతిక కార్డుల మీదుగా వెళ్లేలా చూడాలి. రెండూ ఒకే బ్రిడ్జికి (హోస్టులోని సాఫ్ట్‌వేర్ స్విచ్) తగిలించి "మల్టీపాత్ ఉంది" అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

రెండూ కలపడం మాత్రం వద్దు. హోస్టులో కలిపిన డిస్కును గెస్టులో మళ్లీ మల్టీపాత్ చేస్తే ఒరిగేదేమీ లేదు, వెతుక్కునే చోట్లు మాత్రం రెట్టింపవుతాయి.

## 2. దారులను కాగితం మీద గీయండి

కీబోర్డు ముట్టుకోక ముందు చేయాల్సిన పని ఇది. హోస్టు నుంచి డిస్కు దాకా రెండు గీతలు గీయండి. ఆ గీతలు ఎక్కడైనా ఒకే పెట్టె మీద కలిశాయంటే, ఆ పెట్టె పోయిన రోజు రెండు దారులూ పోతాయి. ఇంటికి రెండు తలుపులున్నా రెండూ ఒకే సందులోకి తెరుచుకుంటే, సందు మూసుకుపోయిన రోజు లోపలే కూర్చోవాలి.

- నెట్‌వర్క్ పోర్టులు: ఒకే కార్డులోని రెండు పోర్టులు కాకుండా రెండు వేర్వేరు కార్డులు. మదర్‌బోర్డు మీదిది ఒకటి, విడి కార్డు ఒకటి అయినా చాలు.
- స్విచ్‌లు: రెండు. స్టాక్ చేసిన జంటను కొన్నిసార్లు ఒక్కటిగానే లెక్కించాలి. ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు రెండూ కలిసి రీస్టార్ట్ అయ్యే రకమైతే అది ఒకటే.
- కరెంటు: రెండు స్విచ్‌లూ ఒకే పవర్ స్ట్రిప్ మీద ఉండకూడదు.
- స్టోరేజీ: రెండు కంట్రోలర్లలోనూ (స్టోరేజీ పెట్టెను నడిపే భాగాలు) ఒక్కో పోర్టు అయినా ప్రతి స్విచ్‌కూ వెళ్లాలి.

ఐపీ చిరునామాలను రెండు వేర్వేరు సబ్‌నెట్లలో పెట్టండి. ఉదాహరణకు మొదటి దారికి 10.10.1.0/24, రెండో దారికి 10.10.2.0/24. హోస్టుకు 10.10.1.11, 10.10.2.11. స్టోరేజీ కంట్రోలర్ ఏకు 10.10.1.101, 10.10.2.101. బీకి 10.10.1.102, 10.10.2.102. ఒక్కో హోస్టు కార్డు రెండు కంట్రోలర్లకూ చేరుతుంది కాబట్టి దీంతో ఒక లన్‌కు నాలుగు దారులు వస్తాయి, అవి సరిపోతాయి. పదహారు దారులు పెట్టినంత మాత్రాన భద్రత నాలుగింతలు కాదు. ఫెయిలోవర్ (చచ్చిన దారి నుంచి ఇంకోదానికి మారడం) నిదానిస్తుంది, తప్పు వెతకడం కష్టమవుతుంది.

ఒకే సబ్‌నెట్‌లో పెడితే పని అసలే జరగదని కాదు. కానీ లినక్స్ ఒక కార్డు ఐపీ గురించి వచ్చిన ఏఆర్‌పీ ప్రశ్నకు (ఈ ఐపీ ఏ కార్డుది అని అడిగేది) ఇంకో కార్డు నుంచి జవాబిస్తుంది, ట్రాఫిక్ అంతా ఒకే కార్డులోంచి పోతుంది. దాన్ని సరిచేయడానికి ఏఆర్‌పీ ఇగ్నోర్, ఏఆర్‌పీ అనౌన్స్, ఆర్‌పీ ఫిల్టర్ సెట్టింగ్‌లు మార్చి, ఐస్కజీ సెషన్లను (హోస్టు, స్టోరేజీల మధ్య లాగిన్ కనెక్షన్లు) కార్డులకు కట్టేయాలి. రెండు సబ్‌నెట్లు పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

బాండింగ్ గురించి కూడా ఇక్కడే చెబుతాను. రెండు కార్డులను ఎల్‌ఏసీపీతో ఒకటిగా కట్టి దాని మీద ఐస్కజీ నడపడం చాలామందికి అలవాటు. ఒక ఐస్కజీ సెషన్ మామూలుగా ఒక టీసీపీ కనెక్షన్, ఎల్‌ఏసీపీ దాన్ని ఒకే తీగ మీదకు పంపుతుంది. వేగం పెరగదు. పైగా ఏ దారి చచ్చిందో మల్టీపాత్‌కు తెలియకుండా పోతుంది. స్టోరేజీ కార్డులను విడివిడిగానే వదిలేయండి. బాండింగ్ కావాలంటే వీఎంల మామూలు ట్రాఫిక్‌కు వాడుకోండి.

## 3. నెట్‌వర్క్‌ను ముందే పరీక్షించండి

స్టోరేజీ కార్డులకు ఐపీ, సబ్‌నెట్ మాస్కు చాలు. గేట్‌వే ఇవ్వొద్దు, డీఎన్‌ఎస్ అక్కర్లేదు. స్విచ్‌లో హోస్టు, స్టోరేజీ పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా పెట్టండి. లేకపోతే కేబుల్ తిరిగి పెట్టిన ప్రతిసారీ స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో చుట్టుదారులు రాకుండా స్విచ్‌లు వాడే పద్ధతి) తన లెక్కలు తేల్చుకునే దాకా ఆ పోర్టు ఊరికే కూర్చుంటుంది.

ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 9000 పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెడితే మాత్రం హోస్టు కార్డు, స్విచ్ పోర్టులు, స్టోరేజీ పోర్టులు అన్నిట్లోనూ ఉండాలి. ఒక్క చోట తప్పినా చిన్న ప్యాకెట్లు సాఫీగా పోతాయి, లాగిన్ అవుతుంది, డిస్కు కనిపిస్తుంది, పెద్ద రైటు మొదలవగానే అంతా నిలిచిపోతుంది. ఇంతగా తిప్పలు పెట్టే తప్పు ఈ పనిలో ఇంకోటి లేదు. నమ్మకం లేకపోతే 1500 దగ్గరే ఉంచండి. ముందు సరిగ్గా నడవనివ్వండి, వేగం సంగతి తర్వాత.

పరీక్ష ఇలా: ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని చెబుతూ 8972 బైట్ల పింగ్ పంపండి. 9000లోంచి ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 తీసేస్తే మిగిలేది అదే. లినక్స్‌లో పింగ్‌కు "-ఎం డూ -ఎస్ 8972" ఇచ్చి, "-ఐ"తో కార్డు పేరు కూడా చెప్పండి. నాలుగు దారుల్లోనూ విడివిడిగా చేయాలి, ఒక దాంట్లో వస్తే మిగతావీ వస్తాయని అనుకోవద్దు. స్టోరేజీ వైపు 3260 టీసీపీ పోర్టు తెరిచి ఉందో లేదో కూడా ఇప్పుడే చూసేయండి.

## 4. ఇనిషియేటర్ పేరు, అనుమతులు

ఐస్కజీలో డిస్కు అడిగే వైపును, అంటే హోస్టును, ఇనిషియేటర్ అంటారు. ప్రతి హోస్టుకూ ఒక ఐక్యూఎన్ పేరుంటుంది, స్టోరేజీ హోస్టును గుర్తుపట్టేది దాంతోనే. లినక్స్‌లో అది ఈటీసీ కింద ఐస్కజీ ఫోల్డర్‌లో, ఇనిషియేటర్‌నేమ్ ఫైల్‌లో ఉంటుంది. ఒక హోస్టును తయారుచేసి మిగతావాటిని దాన్నుంచి క్లోన్ చేసి ఉంటే, అన్నిటికీ ఒకే పేరు వచ్చి ఉంటుంది. అప్పుడు ఒక హోస్టు లాగిన్ అయితే ఇంకో హోస్టు సెషన్ తెగిపోతుంది, అది మళ్లీ లాగిన్ అయితే ఇది తెగుతుంది. లాగులో చూస్తే నెట్‌వర్క్ తప్పులాగే అనిపిస్తుంది. ఒకసారి నేను కేబుళ్లన్నీ మార్చి, ఒక రోజంతా పోగొట్టుకుని, చివరికి ఈ ఫైల్ తెరిచి చూసి తల పట్టుకున్నాను. కొత్త పేరు పుట్టించడానికి "ఐస్కజీ-ఐనేమ్" అనే చిన్న కమాండ్ ఉంది.

స్టోరేజీ వైపు చేయాల్సినవి:

- ప్రతి హోస్టు ఐక్యూఎన్‌నూ నమోదు చేయండి.
- క్లస్టర్‌లోని హోస్టులన్నిటికీ ఆ లన్‌ను ఒకే లన్ నంబరుతో చూపించండి.
- చాప్ (ఐస్కజీ లాగిన్ తనిఖీ) పాస్‌వర్డు పెడుతుంటే 12 నుంచి 16 అక్షరాల మధ్య ఉంచండి. విండోస్ ఇనిషియేటర్ అంతకన్నా చిన్నదీ పెద్దదీ ఒప్పుకోదు. రేపు ఒక విండోస్ హోస్టు చేరినా ఇబ్బంది ఉండదు.

## 5. ముందు మల్టీపాత్, తర్వాతే లాగిన్

ఈ వరస తప్పొద్దు. ముందే లాగిన్ అయితే నాలుగు దారులూ నాలుగు విడి డిస్కులుగా కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా విభజించే లినక్స్ సాధనం) పట్టేసుకుంటే, తర్వాత మల్టీపాత్ వచ్చి "ఈ డిస్కు వాడకంలో ఉంది" అని పక్కకు తప్పుకుంటుంది. పైకి అంతా బాగానే నడుస్తుంది, నిజానికి ఉన్నది ఒక్క దారే.

మల్టీపాత్ ప్యాకేజీ వేసి, రెడ్‌హ్యాట్ కుటుంబంలో "ఎంపాత్‌కాన్ఫ్"తో, డెబియన్ కుటుంబంలో చేత్తో, ఈటీసీలో మల్టీపాత్ కాన్ఫ్ ఫైల్ తయారుచేసుకోండి. మీ స్టోరేజీ తయారీదారు ఇచ్చిన విలువలుంటే అవే వాడండి, నా మాటకన్నా వాళ్ల పత్రానిదే పైచేయి. చాలా అర్రేలకు (స్టోరేజీ పెట్టెలకు) కావలసినవి మల్టీపాత్ లోపలే ముందుగా ఉంటాయి కూడా. మీరు చూసుకోవాల్సినవి ఇవి:

- పాత్ గ్రూపింగ్ పాలసీ: అలువా (ఏ కంట్రోలర్ దారి మెరుగైనదో అర్రే హోస్టుకు చెప్పే పద్ధతి) పాటించే అర్రేకు "గ్రూప్ బై ప్రయో". లన్ ఏ కంట్రోలర్ చేతిలో ఉందో ఆ దారులు ఒక గుంపుగా ముందుంటాయి, రెండో కంట్రోలర్ దారులు వేచి ఉంటాయి. అన్నిటినీ ఒకే గుంపులో పోసే "మల్టీబస్"ను అలువా అర్రేకు పెడితే సగం పని అడ్డదారిన పోతుంది.
- ప్రయో (దారుల ప్రాధాన్యం ఎలా తెలుసుకోవాలన్నది): "అలువా".
- ఫెయిల్‌బ్యాక్ (మంచి దారి తిరిగి వచ్చాక దానికి మళ్లడం): "ఇమ్మీడియట్". అయితే ఒక దారి పడుతూ లేస్తూ ఉంటే ఇది అటూ ఇటూ ఊగిసలాట అవుతుంది. అలాంటి చోట కొన్ని సెకన్ల వాయిదా పెట్టండి.
- నో పాత్ రీట్రై: 12. దీని లెక్క 8వ అంచెలో.
- ఫైండ్ మల్టీపాత్స్: "స్ట్రిక్ట్" అని ఉంటే కొత్త లన్‌ను మల్టీపాత్ దానంతటది తీసుకోదు. "మల్టీపాత్ -ఏ" ఇచ్చి దాని డబ్ల్యూడబ్ల్యూఐడీని (లన్ గుర్తింపు సంఖ్య) మీరే చేర్చాలి. "డిస్కులు కనిపిస్తున్నాయి, మ్యాప్ (దారులన్నీ కలిపిన డిస్కు) రావడం లేదు" అనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

హోస్టు సొంత లోకల్ డిస్కును బ్లాక్‌లిస్టులో పెట్టండి. మార్పులయ్యాక ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) మళ్లీ తయారుచేయండి. లేకపోతే బూట్ సమయంలో పాత సెట్టింగ్‌లే చెల్లుతాయి.

## 6. డిస్కవరీ, లాగిన్

"ఐస్కజీఏడీఎం"తో ఒక్క పోర్టల్ (స్టోరేజీ వైపు ఐపీ, పోర్టు నంబరు) చిరునామాకు సెండ్‌టార్గెట్స్ డిస్కవరీ పంపితే, అర్రే తన పోర్టల్‌లన్నీ చెప్పేస్తుంది. మీ హోస్టుకు అందనివి కూడా అందులో ఉండొచ్చు: మేనేజ్‌మెంట్ పోర్టు, వాడని పోర్టు, ఐపీవీ6 చిరునామా. వాటి రికార్డులు తీసేయండి. ఉంచితే ప్రతి బూట్‌లోనూ అందని పోర్టల్ కోసం 15 సెకన్ల చొప్పున 8 సార్లు, అంటే 2 నిమిషాలు హోస్టు ఎదురుచూస్తుంది.

తర్వాత లాగిన్ అయి, నోడ్ స్టార్టప్‌ను "ఆటోమేటిక్" చేయండి. సెషన్ల జాబితాలో సరిగ్గా నాలుగు ఉండాలి. మూడుంటే నాలుగోది తర్వాత చూద్దామని ముందుకు పోవద్దు.

"మల్టీపాత్ -ఎల్ఎల్" కొట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న మ్యాప్‌లో ఇవి కనిపిస్తాయి:

- ఒకే డబ్ల్యూడబ్ల్యూఐడీ కింద నాలుగు డిస్కులు
- రెండు గుంపులు, వేర్వేరు ప్రయారిటీ అంకెలు, ఒక్కో గుంపులో రెండేసి దారులు
- అన్నీ "యాక్టివ్ రెడీ రన్నింగ్"
- ఒక గుంపు "యాక్టివ్", రెండోది "ఎనేబుల్డ్"

రెండో గుంపు "ఎనేబుల్డ్" అని ఉండటం చూసి కంగారుపడకండి, అది తన వంతు కోసం కాచుకుంటోంది. రెండు గుంపులకూ ప్రయారిటీ ఒకటే వస్తే మాత్రం అలువా పనిచేయడం లేదని అర్థం, స్టోరేజీ వైపు హోస్టు రకం సరిగ్గా ఎంచారేమో చూడండి.

## 7. డిస్కును వీఎంకు అందించడం

ఇక్కడి నుంచి విడి డిస్కుల పేర్లను మరిచిపోండి. డెవ్ ఫోల్డర్‌లో మ్యాపర్ కింద ఉన్న పేరు ఒక్కటే వాడాలి.

ఎల్‌వీఎం వాడుతుంటే దాని ఫిల్టర్‌లో మ్యాపర్ పరికరాలను ఒప్పుకుని, వాటి కిందున్న విడి దారులను తోసిపుచ్చండి. "డూప్లికేట్ పీవీ" అని హెచ్చరిక వస్తోందంటే ఫిల్టర్ సరిగ్గా లేదు. మరో చిక్కు: గెస్టు తన డిస్కులో పెట్టుకున్న ఎల్‌వీఎంను హోస్టు కూడా చదివి చేజిక్కించుకోగలదు. ఫిల్టర్ దాన్ని కూడా ఆపాలి.

ఇక అసలు ప్రమాదం. ఒకే లన్‌ను రెండు హోస్టులకు చూపించి, రెంటిలోనూ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌గానో ఈఎక్స్‌టీ4గానో మౌంట్ చేస్తే డేటా పాడవుతుంది. "పాడవవచ్చు" కాదు, పాడవుతుంది. ఒక హోస్టు రాసింది ఇంకోదానికి తెలియదు. పంచుకోవాలంటే జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ కావాలి. లేదా వీఎంకో లాజికల్ వాల్యూమ్ ఇచ్చి, ఒక సమయంలో ఒక్క హోస్టే దాన్ని తెరిచేలా క్లస్టర్ మేనేజర్‌తో కాపలా పెట్టాలి. ఎల్‌వీఎం థిన్ పూల్‌ను (రాసే కొద్దీ చోటు కేటాయించేది) ఇలా పంచుకోవడం కుదరదు.

వీఎం సెట్టింగ్‌లలో డిస్కును వర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన పరికర పద్ధతి) స్కజీగా, క్యాషే "నన్"గా పెట్టండి. హోస్టు మెమరీలో రైట్లు ఆగిపోతే, హోస్టు పడిపోయి వీఎం ఇంకో హోస్టులో లేచినప్పుడు అవి ఉండవు.

## 8. గడువుల గొలుసు

మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇది.

కేబుల్ పీకారు. ఐస్కజీ ప్రతి 5 సెకన్లకోసారి నాప్ అనే చిన్న పలకరింపు పంపి, జవాబు కోసం 5 సెకన్లు చూస్తుంది. అంటే దారి చచ్చిందని తెలియడానికి సుమారు 10 సెకన్లు. తెలిశాక కూడా "సెషన్ తిరిగి వస్తుందేమో" అని కాచుకుంటుంది. ఆ గడువే రీప్లేస్‌మెంట్ టైమవుట్, మామూలు విలువ 120 సెకన్లు. అప్పటిదాకా ఆ దారిలో ఉన్న రైట్లు, రీడ్లు మల్టీపాత్ చేతికి తిరిగి రావు. పక్కనే రెండో కేబుల్ మీద రెండు దారులు ఖాళీగా ఉన్నా సరే. బిగుసుకుపోయిన ఆ రెండు నిమిషాలు ఇవే.

ఒకే దారి ఉన్నవాడికి 120 మంచిదే. మల్టీపాత్ ఉన్నవాడు దాన్ని 5కు దించాలి. అప్పుడు మొత్తం సుమారు 15 సెకన్లు.

ఇందులో రెండు గోతులున్నాయి. ఐస్కజీడీ కాన్ఫ్‌లో మార్చిన విలువ ఆ తర్వాత డిస్కవర్ చేసిన నోడ్‌లకే వర్తిస్తుంది. పాత రికార్డులను "ఐస్కజీఏడీఎం" అప్‌డేట్‌తో విడిగా మార్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. రెండోది, మల్టీపాత్ వైపున్న ఫాస్ట్ ఐఓ ఫెయిల్ గడువు దీన్ని దాటేసి తన విలువ పెట్టగలదు. అందుకే ఫైల్‌ను నమ్మొద్దు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో నడుస్తున్న సెషన్ కింద "రికవరీ టీఎంఓ" ఎంతుందో చూడండి.

ఇప్పుడు అన్ని దారులూ పోతే? నో పాత్ రీట్రై 12, పోలింగ్ 5 సెకన్లకోసారి. 12 × 5 = 60 సెకన్లు మల్టీపాత్ పనులను వరసలో నిలిపి ఉంచి, ఆ తర్వాత తప్పు చూపిస్తుంది. దీన్ని "క్యూ" అని పెడితే ఎప్పటికీ తప్పు చూపదు. వినడానికి బాగుంటుంది కానీ స్టోరేజీ తిరిగి రాకపోతే ప్రాసెస్‌లు చావవు, హోస్టు మామూలుగా రీబూట్ కూడా అవదు. "ఫెయిల్" అని పెడితే కంట్రోలర్ మారే కాసేపట్లోనే గెస్టుల ఫైల్‌సిస్టమ్‌లు రీడ్-ఓన్లీలోకి వెళ్లిపోతాయి. నా లెక్కలో 60 సెకన్లు మధ్యేమార్గం. మీ అర్రే కంట్రోలర్ మారడానికి ఎంత తీసుకుంటుందో కొలిచి, దానికి రెట్టింపు పెట్టుకోండి.

గెస్టు ఓపిక దీనికన్నా ఎక్కువ ఉండాలి. వర్ట్‌ఐఓ డిస్కులు మామూలుగా హోస్టు జవాబిచ్చే దాకా ఆగుతాయి. సాటా అనుకరణ డిస్కుల మీద, ఈఎస్‌ఎక్స్‌ఐ మీద నడిచే లినక్స్ గెస్టుల్లో డిస్కు గడువు 30 సెకన్లు. వీఎంవేర్ టూల్స్ దాన్ని 180 చేస్తాయి, టూల్స్ లేకపోతే మీరే చేయాలి. విండోస్ గెస్టులో రిజిస్ట్రీలోని డిస్క్ టైమవుట్ వాల్యూ చూడండి.

కేవీఎంలో ఇంకో రక్షణ ఉంది: డిస్కు ఎర్రర్ పాలసీని "స్టాప్" చేస్తే, తప్పు వచ్చినప్పుడు వీఎం ఉన్నచోటే ఆగుతుంది. స్టోరేజీ వచ్చాక కొనసాగించవచ్చు.

## 9. పీకి చూడండి

వీఎంలోపల ఎఫ్‌ఐఓతో (డిస్కు పరీక్ష సాధనం) చదవడం, రాయడం నడుస్తుండగా ఈ వరసలో చేయండి. ప్రతి మెట్టు తర్వాత నాలుగు దారులూ తిరిగి వచ్చేదాకా ఆగండి.

- [ ] హోస్టు మొదటి కేబుల్ పీకడం, తిరిగి పెట్టడం
- [ ] రెండో కేబుల్
- [ ] మొదటి స్విచ్ కరెంటు తీయడం
- [ ] రెండో స్విచ్
- [ ] ఒక స్టోరేజీ కంట్రోలర్‌ను రీస్టార్ట్ చేయడం, తర్వాత రెండోది
- [ ] హోస్టును రీబూట్ చేసి నాలుగు దారులూ వాటంతటవే వచ్చాయో చూడటం
- [ ] ఒక కేబుల్ పీకి ఉండగా హోస్టును బూట్ చేయడం

చివరిది చాలామంది చేయరు. ఒక దారి లేనప్పుడు హోస్టు లేస్తుందా, ఆ దారి తర్వాత వస్తే మ్యాప్‌లో చేరుతుందా అన్నది అక్కడే తేలుతుంది. ప్రతి మెట్టులోనూ వీఎం ఎన్ని సెకన్లు ఆగిందో రాసిపెట్టుకోండి. 15 అనుకున్నచోట 40 వస్తే 8వ అంచెకు తిరిగి వెళ్లాలి.

## 10. తరచూ కనిపించే తప్పులు

దారులన్నీ బాగున్నాయి, వేగం మాత్రం ఒక్క కార్డుదే. పరీక్ష ఒకే వరసలో ఒకే పని పంపుతోందేమో చూడండి. క్యూ డెప్త్ (ఒకేసారి పంపే పనుల సంఖ్య) 1తో కొలిస్తే ఎన్ని దారులున్నా ఒకటే.

ఒక దారి గంటకోసారి పడి లేస్తోంది. స్విచ్ పోర్టులో సీఆర్‌సీ తప్పుల (దారిలో పాడైన ప్యాకెట్ల) లెక్క చూడండి. పెరుగుతుంటే కేబులో, ట్రాన్సీవరో మార్చండి. అప్పటిదాకా ఆ దారిని చేత్తో ఆపేయడం నయం. పూర్తిగా చచ్చిన దారికన్నా కొనఊపిరితో ఉన్న దారి ఎక్కువ నష్టం చేస్తుంది.

బూట్‌లో మౌంట్ అవడం లేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో "నెట్‌డెవ్" ఆప్షన్ మరిచారు. నెట్‌వర్క్ రాకముందే మౌంట్‌కు ప్రయత్నిస్తోంది.

గెస్టు క్లస్టర్ రిజర్వేషన్ (డిస్కు తనదని గెస్టు వేసుకునే తాళం) విఫలమవుతోంది. రిజర్వేషన్ ఒక్క దారికే నమోదవుతోంది. మల్టీపాత్‌లో రిజర్వేషన్ కీ పెట్టి, క్యూఈఎంయూ పీఆర్ హెల్పర్ ద్వారా పంపండి.

## 11. ఈఎస్‌ఎక్స్‌ఐ, హైపర్-వీ వాళ్లకు

ఈఎస్‌ఎక్స్‌ఐలో ఒక్కో వీఎంకెర్నల్ పోర్టుకు (హోస్టు సొంత నెట్‌వర్క్ పోర్టు) ఒక్క అప్‌లింక్ (భౌతిక కార్డు) మాత్రమే యాక్టివ్‌గా ఉండాలి, మిగతాది "అన్‌యూజ్డ్". "స్టాండ్‌బై"లో ఉంచితే పోర్ట్ బైండింగ్ ఒప్పుకోదు. పాత్ పాలసీని తయారీదారు కాదనకపోతే రౌండ్ రాబిన్ చేయండి. అది మామూలుగా 1000 పనులకోసారి దారి మారుస్తుంది, చాలా అర్రేలకు దాన్ని 1 చేయమని తయారీదారులే చెబుతారు. పెద్ద ప్యాకెట్ పరీక్షకు వీఎంకేపింగ్ ఉంది.

హైపర్-వీలో ఎంపీఐఓ (విండోస్ మల్టీపాత్) ఫీచర్ వేసి, అందులో ఐస్కజీ పరికరాలకు మద్దతు టిక్ చేసి, రీబూట్ చేయండి. కనెక్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఇనిషియేటర్ ఐపీ, టార్గెట్ పోర్టల్ రెండూ ప్రతి సెషన్‌కూ చేత్తో ఎంచాలి. "డిఫాల్ట్" వదిలేస్తే సెషన్ ఏ కార్డులోంచి పోతుందో మీ చేతిలో ఉండదు.

## 12. ఆ తర్వాత

కాపలా పెట్టండి. నేను పనిచేసిన ఒక చోట కొన్ని నెలలుగా ఒక దారి చచ్చే ఉంది. వీఎంలు నడుస్తున్నాయి కాబట్టి ఎవరూ చూడలేదు. ఒక రాత్రి బతికున్న దారి వైపు స్విచ్‌కు ఫర్మ్‌వేర్ మార్చాం, "ఇంకో దారి ఉందిగా" అని ధీమాగా. అన్నీ పడిపోయాయి. ఇప్పుడు నా దగ్గర ప్రతి హోస్టులోనూ ఒక చిన్న స్క్రిప్టు లన్‌కు ఎన్ని దారులున్నాయో లెక్కించి, నాలుగు కాకపోతే కబురు పెడుతుంది. స్విచ్ ముట్టుకునే ముందు చేత్తో కూడా చూస్తాను.

లన్ పెంచాలంటే: అర్రేలో పెంచండి, సెషన్లన్నీ రీస్కాన్ చేయండి, మల్టీపాత్‌డీతో మ్యాప్‌ను రీసైజ్ చేయండి, ఆ తర్వాతే ఎల్‌వీఎం, చివరికి గెస్టు.

లన్ తీసేయాలంటే సరిగ్గా వెనక్కి నడవాలి: వీఎం నుంచి డిస్కు తీయడం, ఎల్‌వీఎంను డీయాక్టివేట్ చేయడం, "మల్టీపాత్ -ఎఫ్"తో మ్యాప్ తీసేయడం, ఒక్కో విడి దారినీ తొలగించడం. ఇదంతా ప్రతి హోస్టులోనూ అయ్యాకే అర్రేలో అన్‌మ్యాప్. అర్రేలో ముందే తీసేస్తే హోస్టులు లేని డిస్కు కోసం తలుపు తడుతూనే ఉంటాయి, ఆ మ్యాప్ "క్యూ"లో ఉంటే దాన్ని వదిలించుకోవడానికి హోస్టును బలవంతంగా రీబూట్ చేయాల్సి రావచ్చు.